రోజ్‌వుడ్ తిప్పితే కనురెప్పలు వాస్తున్నాయి, రాత్రి దగ్గు. లేత్ మీద పనిచేసేవాళ్ళు ఏం జాగ్రత్తలు తీసుకుంటున్నారు?

చెక్కపిచ్చి
కూకట్‌పల్లిలో మేడ మీద రేకుల షెడ్డు వేసి చిన్న లేత్ (చెక్కను గిర్రున తిప్పుతూ ఉలితో చెక్కే మిషన్) పెట్టుకున్నాను. ఇన్నాళ్ళూ మామిడి, వేప, పాత గుమ్మాల టేకు ముక్కలతో గిన్నెలు, పెన్ స్టాండులు చేసేవాణ్ణి. అప్పుడప్పుడు తుమ్ములు తప్ప ఇబ్బంది లేదు. ఈ మధ్య ఒక ఫర్నిచర్ షాపు మూసేస్తుంటే వాళ్ళ దగ్గర ఇరుగుడు ముక్కలు, అదే రోజ్‌వుడ్, బస్తాడు దొరికాయి. మొదటి గిన్నెకి ఏమీ కాలేదు. ఆ తర్వాత మోచేతుల లోపలివైపు దురద మొదలైంది, ఆపైన కనురెప్పలు వాచాయి. ఇప్పుడు పని చేసిన రోజు అర్ధరాత్రి దాటాక దగ్గుతో మెలకువ వస్తోంది, ఛాతీ పట్టేసినట్టు ఉంటోంది. ఊరెళ్ళి వారం ఉంటే అంతా పోయింది. తిరిగొచ్చి ఒక్క పూట సాండింగ్ (ఉప్పుకాగితంతో రుద్దడం) చేస్తే మళ్ళీ మొదలు. సర్జికల్ మాస్క్ పెట్టుకునే చేస్తున్నాను. ఇంట్లో వాళ్ళు లేత్ అమ్మేయమంటున్నారు. నాకు మానాలని లేదు. మీలో ఎవరికైనా ఇలా వచ్చిందా?

పొణికిబొమ్మ
సర్జికల్ మాస్క్ మన నోటి తుంపర్లు ఎదుటివాళ్ళ మీద పడకుండా చేసినది. బుగ్గల పక్కన సందులు ఉంటాయి కదా, నుసి అంతా అక్కణ్ణుంచే లోపలికి పోతుంది. కనీసం ఎన్95 వాడండి.

చేవటేకు
మా నాన్న, పెదనాన్న, నేను, అందరం టేకు కోసే బతికాం. ముక్కుకి తువ్వాలు కట్టుకునేవాళ్ళం, సాయంత్రం ఇంత బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాళ్ళం. ఎవరికీ ఉబ్బసం రాలేదు. ఇప్పటి పిల్లలకి అన్నిటికీ ఎలర్జీలే. కొంచెం అలవాటు పడితే అదే పోతుంది బాబూ.

ఊపిరిడాక్టర్
చేవటేకు గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే చెబుతున్నాను, "అలవాటు పడితే పోతుంది" అన్న మాట మాత్రం ఈయన విషయంలో ప్రమాదం. నేను గుంటూరులో ఛాతీ వైద్యుణ్ణి.

చెక్క పొడి రెండు రకాలుగా ఇబ్బంది పెడుతుంది. ఒకటి రాపిడి వల్ల వచ్చే చికాకు. ఏ దుమ్ముకైనా తుమ్ములు, కళ్ళ మంట వస్తాయి, దుమ్ము ఆగితే అవీ ఆగుతాయి. రెండోది అసలైన ఎలర్జీ. ఇందులో మొదట్లో ఏమీ ఉండదు. కొన్ని వారాలో నెలలో పోయాక శరీరం ఆ చెక్కలోని రసాయనాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. ఒకసారి నేర్చుకున్నాక సాధారణంగా మర్చిపోదు, పైగా రానురాను తక్కువ పొడికే ఎక్కువగా స్పందిస్తుంది. రోజ్‌వుడ్ జాతి చెక్కల్లో డాల్బెర్జియోన్లు అనే పదార్థాలు ఉంటాయి, టేకులో డీఆక్సీలపచాల్ ఉంటుంది. చర్మానికి పడకపోవడంలో ఈ రెండూ పేరుమోసినవి. "మొదటి గిన్నెకి ఏమీ కాలేదు" అని మీరు రాశారు చూశారా, అది ఎలర్జీ నడిచే తీరే.

రాత్రి దగ్గు గురించి నాకు ఎక్కువ ఆందోళనగా ఉంది. చెక్క పొడి వల్ల వచ్చే ఉబ్బసం చాలామందిలో పని చేస్తున్నప్పుడు కాక, నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత బయటపడుతుంది. అందుకే జనం దాన్ని చలిగాలికో ఏసీకో అంటగడతారు. పనికి దూరంగా ఉంటే తగ్గడం, తిరిగి మొదలుపెడితే రావడం అనేది మాకు మొదటి ఆధారం. ఛాతీ డాక్టర్ దగ్గరికి వెళ్ళి స్పైరోమెట్రీ (ఊపిరి ఊదించి చూసే పరీక్ష) చేయించుకోండి. పీక్ ఫ్లో మీటర్ (ఎంత వేగంగా ఊదగలమో చూపే చిన్న పరికరం) ఒకటి కొనుక్కుని పని చేసిన రోజూ, చేయని రోజూ ఉదయం సాయంత్రం ఊది అంకెలు రాసిపెట్టుకోండి. ఆ కాగితం మీ డాక్టర్‌కి బాగా ఉపయోగపడుతుంది. పరీక్షలు అయ్యేదాకా ఆ రోజ్‌వుడ్ ముట్టుకోవద్దు. ఆయాసంతో మాట పూర్తిచేయలేని స్థితి వస్తే ఎవరినీ అడగకుండా నేరుగా ఆసుపత్రికే.

బెల్లం గురించి: అది పోయేది పొట్టలోకి, పొడి పోయేది ఊపిరితిత్తుల్లోకి. రెండూ కలిసే చోటు లేదు.

మామిడితోట
బెల్లం మీద ఆశలు పెట్టుకున్న మా సిమెంటు ఫ్యాక్టరీ బ్యాచ్ అంతటికీ ఈ పోస్టు పంపిస్తున్నా 😀

చేవటేకు
డాక్టర్ గారు అన్నారు కాబట్టి ఒకటి ఒప్పుకోవాలి. మా తమ్ముడికి టేకు పడేది కాదు. కోత రోజున మెడ, చేతులు దద్దుర్లు తేలేవి. "వాడికి టేకు పడదు" అని పెద్దవాళ్ళు వాణ్ణి వేప, తుమ్మ పనికే ఉంచారు. అంటే మా కాలంలోనూ ఉంది, పేరు పెట్టలేదు అంతే. కానీ అందరికీ రాలేదు అన్నది కూడా నిజమే.

మిషన్మూర్తి
పెద్దాయనా, మీరు చేత్తో చిత్రిక పట్టారు, ఉలితో చెక్కారు. దాంతో వచ్చేది చుట్టలు చుట్టలుగా పడే పొట్టు. అది నేల మీద పడుతుంది, ఊడిస్తే పోతుంది. ఈయన లేత్ మీద వందల ఆర్పీఎం తిరుగుతున్న గిన్నెకి 240, 400 నంబరు ఉప్పుకాగితం (నంబరు పెరిగేకొద్దీ నున్నన) పెడుతున్నాడు. అప్పుడు వచ్చేది కంటికి కనపడని నుసి. 10 మైక్రాన్ల కన్నా చిన్నది గొంతు దాటుతుంది, 5 కన్నా చిన్నది ఊపిరితిత్తుల అడుగు దాకా పోతుంది. మిషన్ ఆపాక కూడా గంటల తరబడి గాలిలోనే తేలుతుంది. మీ కాలానికీ ఇప్పటికీ చెక్క మారలేదు, నుసి సైజు మారింది.

చేవటేకు
ఈ మాట సబబుగా ఉంది. డిస్క్ సాండర్ వచ్చాకే మా షాపులో పిల్లలు దగ్గడం మొదలైంది.

డల్లాస్‌వడ్రంగి
ఇక్కడ గరాజ్‌లో తిప్పుతాను. నాకు పడనిది వెస్టర్న్ రెడ్ సెడార్. కంచె చెక్కలు మిగిలితే వాటితో డబ్బాలు చేశాను, సరిగ్గా మీరు చెప్పినట్టే రాత్రి దగ్గు, పిల్లికూతలు. అందులో ప్లికాటిక్ యాసిడ్ అని ఉంటుందట. మా క్లబ్‌లో కోకోబోలో పడనివాళ్ళు ఇంకా ఎక్కువ, అది కూడా రోజ్‌వుడ్ కుటుంబమే. చెక్కపిచ్చి అన్నా, ఒక రోజ్‌వుడ్‌కి ఎలర్జీ వస్తే దాని చుట్టాలన్నిటితోనూ జాగ్రత్తగా ఉండండి. శీశం కూడా రోజ్‌వుడ్ జాతే (డాల్బెర్జియా).

నేను పవర్డ్ రెస్పిరేటర్ కొన్నాను. నడుముకి బ్యాటరీ, ఫ్యాన్, ఫిల్టర్ ఉంటాయి, శుభ్రమైన గాలి ముఖం ముందున్న షీల్డ్ లోపలికి వస్తుంది. గడ్డం ఉన్నా పనిచేస్తుంది, కళ్ళజోడు మీద ఆవిరి పట్టదు, ముక్క ఎగిరొస్తే ముఖానికీ రక్షణ. ఖరీదు మాత్రం బాగానే ఉంటుంది.

ఊపిరిడాక్టర్
సెడార్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో డాక్టర్ మోయిరా చాన్-యెంగ్ బృందం ఆ రంపపు మిల్లుల కార్మికులను ఏళ్ళ తరబడి గమనించింది. ఉబ్బసం వచ్చాక ఆ పని మానేసినవాళ్ళలోనూ సగానికి పైగా పూర్తిగా కోలుకోలేదు. కోలుకున్నవాళ్ళు ఎక్కువగా లక్షణాలు మొదలైన కొత్తలోనే దూరమైనవాళ్ళు. అందుకే ఈయన్ని ఇప్పుడే వెళ్ళమంటున్నాను, "చూద్దాం" అని ఆగొద్దంటున్నాను.

సిద్ధిపేటకుర్రాడు
సెట్రిజిన్ వేసుకుని చేస్తే సరిపోదా? నేను 10 ఎంజీ రోజూ

*[మందు మోతాదు తొలగించబడింది. ఇక్కడ మందుల సలహాలు వద్దు. – నిర్వాహకుడు]*

ఊపిరిడాక్టర్
సరిపోదు. తుమ్ములు, దురద తగ్గితే "బాగానే ఉంది" అనుకుని ఇంకా ఎక్కువ సేపు పొడిలో ఉంటారు. లోపల శ్వాసనాళాల వాపు అలాగే ఉంటుంది.

పొణికిబొమ్మ
మాస్క్ గురించి ఇంకొంచెం వివరంగా ఎవరైనా చెప్పండి. ఎన్95 అంటారు, ఎఫ్‌ఎఫ్‌పీ2 అంటారు, పీ100 అంటారు. షాపువాడు ఏది చేతికి అందితే అది ఇస్తాడు.

మిషన్మూర్తి
ఎన్95 అంటే అమెరికా ప్రమాణం, 0.3 మైక్రాన్ కణాల్లో కనీసం 95 శాతం ఆపాలి. ఎఫ్‌ఎఫ్‌పీ2 యూరప్‌ది, 94 శాతం. ఎఫ్‌ఎఫ్‌పీ3 అయితే 99. మన ఐఎస్ 9473 కూడా ఎఫ్‌ఎఫ్‌పీ పేర్లే వాడుతుంది, కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి. పీ100 అంటే 99.97 శాతం. అది రబ్బరు హాఫ్ మాస్క్‌కి గులాబీ రంగు ఫిల్టర్లు తగిలించేది. 3ఎం 6200 మాస్క్‌కి 2091 ఫిల్టర్లు మన దగ్గరా దొరుకుతాయి. ఎలర్జీ ఇప్పటికే వచ్చినవాళ్ళకి నేను చెప్పేది ఇదే. చెవులకి తగిలించే రకం వద్దు, తల వెనక రెండు పట్టీలు ఉన్నదే పట్టుగా కూర్చుంటుంది. గడ్డం ఉంటే ఇవేవీ సరిగా అతకవు, రెండు రోజుల గడ్డమైనా సందు ఇస్తుంది.

అంకెల కన్నా ముఖ్యమైన మాట: గిన్నె సాండింగ్ అయ్యాక మాస్క్ తీసేసి, టీ తాగుతూ అక్కడే నిలబడి పని చూసుకుని మురిసిపోతాం. గాలిలో నుసి ఎక్కువగా ఉండేది అప్పుడే. మాస్క్ తీసేది షెడ్డు బయటికి వచ్చాకే.

గోదారిగట్టు
మే నెలలో రేకుల షెడ్డులో రబ్బరు మాస్క్! అమలాపురంలో మా ఉక్కకి అయితే మాస్క్ లోపల చెరువు తయారవుతుంది.

మిషన్మూర్తి
ఉక్క నిజమే. తెల్లవారుజామున చేసుకోండి, లేదా సాండింగ్ మొత్తం ఒక పూటకి పెట్టుకోండి. లేత్ పనంతటికీ మాస్క్ ఉండాల్సిందే కానీ ఎక్కువ నుసి వచ్చేది ఆ చివరి అరగంటలోనే.

ఇంకో సంగతి. మాస్క్ అనేది ఆఖరి అడ్డు. మొదట నుసి పుట్టకుండా చూడాలి, పుట్టింది పుట్టిన చోటే పీల్చేయాలి, తప్పించుకున్నది షెడ్డులోంచి బయటికి పోవాలి. ఇవన్నీ అయ్యాక మాస్క్. మనవాళ్ళు తలకిందులుగా మాస్క్‌తో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు.

చెక్కపిచ్చి
మూర్తి గారూ, పుట్టకుండా చూడటం ఎలా? సాండింగ్ లేకుండా ఫినిషింగ్ రాదు కదా.

డల్లాస్‌వడ్రంగి
ఉలి పదును పెట్టుకోండి. మొద్దు ఉలితో చెక్క చీరుకుపోతుంది, ఆ గరుకు పోవడానికి 80 నంబరుతో మొదలుపెట్టాల్సి వస్తుంది. పదునుగా ఉన్న గాడి ఉలి, అంటే గౌజ్‌తో చివరి కోత తీస్తే 180తో మొదలుపెట్టొచ్చు. సగం నుసి అక్కడే తగ్గుతుంది. పచ్చి కర్ర తిప్పినా మేలే, తడి చుట్టలు వస్తాయి తప్ప పొడి లేవదు. మందంగా తిప్పి ఆరబెట్టి, తర్వాత తుది రూపు ఇవ్వొచ్చు. లేత్ వేగం తగ్గించి సాండింగ్ చేస్తే కాగితం వేడెక్కదు, నుసి దూరం ఎగరదు.

ఇంకోటి, తడి సాండింగ్. గిన్నెకి నూనె పట్టించి వాటర్‌ప్రూఫ్ పేపర్‌తో రుద్దితే నుసి గాలిలోకి లేవకుండా ముద్దగా అవుతుంది. నాకు ఇది చాలా పనికొచ్చింది. అవిసె నూనె వాడితే ఆ గుడ్డలు ఉండచుట్టి పడేయొద్దు, వాటంతట అవే అంటుకుంటాయి. విడదీసి ఆరుబయట ఆరేయండి.

ఏటికొప్పాకఅల్లుడు
నూనె పద్ధతి గిన్నెలకి సరే, మా లక్క పనికి కుదరదు. మా అత్తగారిది ఏటికొప్పాక, అనకాపల్లి జిల్లా, వరాహ నది ఒడ్డు. అక్కడ అంకుడు కర్ర లేత్ మీద తిప్పుతుండగానే లక్క కడ్డీ ఆనిస్తారు, రాపిడి వేడికి లక్క కరిగి చెక్కని పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. చెక్కకి నూనె తగిలితే లక్క పట్టదు. కాబట్టి సాండింగ్ పొడిగానే జరగాలి.

అంకుడు రోజ్‌వుడ్ లాంటిది కాదు, మెత్తగా తెల్లగా ఉంటుంది, ఒంటికి దురద పెట్టిందని మా మామయ్య ఎప్పుడూ అనలేదు. కానీ ఇల్లూ పనిచోటూ ఒకటే. లేత్ పక్కనే వంట, మంచం, పిల్లల పుస్తకాలు. ఏటికొప్పాక అనగానే అందరూ సహజ రంగుల గురించి మాట్లాడతారు, మాట్లాడాలి కూడా. సి.వి. రాజు గారు ఆ రంగులను తిరిగి నిలబెట్టినందుకే 2023లో పద్మశ్రీ వచ్చింది, బొమ్మలకి 2017లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. కొనే పిల్లల నోట్లోకి రంగుల్లోని సీసం పోకూడదని అంత శ్రద్ధ పెట్టాం. చేసేవాళ్ళ ముక్కులోకి పోయే నుసి గురించి కూడా అంత శ్రద్ధ రావాలని నా కోరిక.

పొణికిబొమ్మ
మీరు రాసిన ఆఖరి మాట చదివి చాలాసేపు ఆలోచించాను. మా నిర్మల్ వైపు బొమ్మలకి వాడే పొణికి కర్ర ఎంత తేలికంటే, ఫ్యాన్ వేస్తే నుసి గదంతా తిరుగుతుంది. అందుకని ఫ్యాన్ ఆపుకుని చెమటలో పని చేస్తారు.

వేపచెట్టునీడ
ఇంపోర్టెడ్ చెక్కలు, రోజ్‌వుడ్‌లు మానేసి వేప వాడండి. వేప ఔషధం, దాని పొడి ఎవరికీ చెడు చేయదు.

గోదారిగట్టు
వేపతో ఒక్క పూట సాండింగ్ చేసి చూడండి. గొంతంతా చేదు, ముక్కు మంట, కళ్ళ నీళ్ళు. ఔషధమైతే మాత్రం ఊపిరితిత్తుల్లోకి పొడి కొట్టుకుంటామా?

చేవటేకు
దిరిసెన ఇంకా ఘాటు. కోస్తుంటే తుమ్ములు ఆగవు. మామిడి కూడా కొంతమందికి పడదు, జీడి ఉండే జాతి కదా. మామిడికాయ జీడికి నోరు పొక్కేవాళ్ళు ఆ పచ్చి కర్ర దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

ఊపిరిడాక్టర్
ఎలర్జీ లేదు కాబట్టి నాకేం కాదు అనుకునేవాళ్ళ కోసం ఇంకొకటి. ఇంగ్లండ్‌లో హై వికోమ్ అనే ఊరు కుర్చీలు, ఫర్నిచర్‌కి పేరు. 1960లలో అక్కడి ముక్కు చెవి గొంతు వైద్యురాలు ఎస్మే హాడ్‌ఫీల్డ్ తన దగ్గరికి వస్తున్న ముక్కు క్యాన్సర్ రోగుల్లో చాలామంది ఫర్నిచర్ పనివాళ్ళేనని గమనించారు. అంత అరుదైన క్యాన్సర్ ఒకే వృత్తివాళ్ళలో కనిపించడం ఆమెకి అనుమానం కలిగించింది. 1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క పొడిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి గుంపులో చేర్చింది. ఏళ్ళ తరబడి రోజంతా నుసిలో ఉన్నవాళ్ళ సంగతి ఇది, ఆదివారం ఒక గిన్నె చేసేవాళ్ళు కంగారు పడక్కర్లేదు. కానీ ఒకవైపు ముక్కే దిబ్బడ వేస్తూ, దాంట్లోంచే రక్తం పడుతూ ఉంటే వడ్రంగులు నిర్లక్ష్యం చేయకూడదు.

చేవటేకు
ఇది మా సంఘం వాళ్ళకి చెబుతాను. మా షాపులో పిల్లలకి ముందు చెబుతాను.

చెక్కపిచ్చి
అందరికీ కృతజ్ఞతలు. డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చాను. స్పైరోమెట్రీలో కొంచెం తేడా ఉంది, ఇన్‌హేలర్ ఇచ్చారు. చర్మం డాక్టర్, అనుమానం ఉన్న పదార్థాన్ని చర్మానికి అంటించి చూసే ప్యాచ్ టెస్ట్‌కి రమ్మన్నారు. ఇంట్లోనే కాస్త రోజ్‌వుడ్ పొడి చేతికి రాసి చూద్దామనుకుంటున్నాను, ఫర్వాలేదా?

ఊపిరిడాక్టర్
వద్దు, దయచేసి వద్దు. శుద్ధి చేయని పొడి చర్మానికి కట్టి ఉంచితే పుండు పడొచ్చు, ఇప్పటిదాకా లేని ఎలర్జీ కొత్తగా పుట్టొచ్చు. ఆ పరీక్ష తగిన మోతాదులో వాళ్ళే చేస్తారు. మీరు త్వరగా వెళ్ళినందుకు సంతోషం.

చెక్కపిచ్చి
సరే, చేయను. రోజ్‌వుడ్ బస్తా షెడ్డులోంచి తీసేశాను. ఇప్పుడు నుసి పీల్చే ఏర్పాటు గురించి చెప్పండి. ఇంట్లో వ్యాక్యూమ్ క్లీనర్ ఉంది, దాని గొట్టం లేత్ పక్కన కడితే?

మిషన్మూర్తి
గొట్టం మూతికి దూరం పెరిగేకొద్దీ లాగే బలం ఘోరంగా పడిపోతుంది. దీపం ఊదితే అడుగు దూరం నుంచి ఆరుతుంది, పీల్చి ఆర్పడం మూతి దగ్గర పెట్టుకున్నా కష్టం. లెక్కగా చెప్పాలంటే 4 అంగుళాల గొట్టానికి 4 అంగుళాల దూరంలోనే గాలి వేగం పదో వంతుకి వచ్చేస్తుంది. ఇంటి వ్యాక్యూమ్ గొట్టం సన్నం, గాలి పరిమాణం తక్కువ. ఉలి పొట్టు శుభ్రం చేయడానికి సరే, తిరిగే గిన్నె చుట్టూ లేచే నుసి మేఘానికి చాలదు. పైగా మామూలు సంచి ఉన్న వ్యాక్యూమ్ సన్న నుసిని వెనక నుంచి మళ్ళీ గదిలోకే వదులుతుంది.

డస్ట్ కలెక్టర్ (నుసి పీల్చే పెద్ద మిషన్) కొనగలిగితే 4 అంగుళాల గొట్టం, దాని మూతికి వెడల్పాటి తొట్టి లాంటి హుడ్ పెట్టి గిన్నె వెనకాలే, చేతికి అడ్డం రానంత దగ్గరగా బిగించండి. కొనలేకపోతే మీకున్న గొప్ప వసతి మేడ. లేత్ వెనక గోడకి పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి గాలిని బయటికి తోలేయండి.

డల్లాస్‌వడ్రంగి
నేను అలాగే వెనక నుంచి పెడెస్టల్ ఫ్యాన్ కూడా పెట్టేవాణ్ణి, నుసి నా మీదికి రాకుండా ముందుకి పోతుందని.

మిషన్మూర్తి
వీపు మీదికి గాలి కొడితే మన ఒంటికి ముందు సుడి తిరుగుతుంది. నుసి ఆ సుడిలో పడి నేరుగా ముఖం దగ్గరికే లేస్తుంది. ఫ్యాన్ పక్క నుంచి పెట్టండి, గాలి ఎడమ నుంచి కుడికి మన ముందుగా దాటి ఎగ్జాస్ట్‌లోకి పోవాలి. అగరుబత్తి వెలిగించి లేత్ దగ్గర పట్టుకుంటే పొగ ఎటు పోతోందో తెలిసిపోతుంది.

డల్లాస్‌వడ్రంగి
అగరుబత్తితో ఇప్పుడే చూశాను. మీరు చెప్పింది నిజం, పొగ గడ్డం కిందికి వచ్చింది. ఫ్యాన్ పక్కకి మార్చాను.

పొణికిబొమ్మ
ఒంటికి నుసి తగలకుండా పొడవు చేతుల చొక్కా, గ్లవ్స్ వేసుకోవచ్చా?

చేవటేకు
లేత్ దగ్గర గ్లవ్స్ మాత్రం వద్దమ్మా. పోగు చిక్కితే చెయ్యే లాక్కుంటుంది. చున్నీ, వదులు చేతులు, మెడలో గొలుసు, విరబోసిన జుట్టు, ఏదీ ఉండకూడదు. మణికట్టు దగ్గర బిగుతుగా ఉండే చొక్కా వేసుకో, మెడ దాకా మూసి ఉండాలి.

ఊపిరిడాక్టర్
పని అయ్యాక ఆ బట్టలు షెడ్డులోనే విప్పి, తల స్నానం చేసి ఇంట్లోకి వెళ్ళండి. జుట్టులో నుసి ఉంటే రాత్రంతా దిండు మీద అదే పీలుస్తారు. చెమట పట్టిన చర్మం మీదే దద్దుర్లు ఎక్కువ, మధ్యమధ్యలో చేతులు, మెడ సబ్బుతో కడుక్కోండి.

సిద్ధిపేటకుర్రాడు
కంప్రెసర్ గన్‌తో బట్టలు, షెడ్డు ఊదేస్తే త్వరగా అయిపోతుంది కదా?

మిషన్మూర్తి
తమ్ముడూ, కింద కూర్చున్న నుసిని మళ్ళీ ముక్కు ఎత్తుకి లేపినట్టే. తడిగుడ్డతో తుడువు, లేదా హెపా ఫిల్టర్ (సన్న నుసినీ ఆపేది) ఉన్న వ్యాక్యూమ్ వాడు. చీపురు కూడా పొడిగా వద్దు, కాసిని నీళ్ళు చిలకరించి ఊడ్చు.

చెక్కపిచ్చి
డాక్టర్ గారు ఊపిరి కుదుటపడేదాకా ఆగమన్నారు, ఆగుతాను. తర్వాత పచ్చి అంకుడుతో మొదలుపెడతాను. పీ100 మాస్క్ తెప్పించాను, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టే మేస్త్రీ శనివారం వస్తాడు. అటువైపు గోడ అవతల పక్కింటివాళ్ళు బట్టలు ఆరేసుకుంటారు. గాలి వాళ్ళ మీదికి పోకుండా ఎలా?

మిషన్మూర్తి
నేరుగా బయటికి వదలొద్దు. ఫ్యాన్ బయటివైపు ఒక రేకు పెట్టె కట్టించి గాలిని పైకి మళ్ళించండి, లోపలివైపు ఏసీ ఫిల్టర్ మెష్ ఒకటి తగిలిస్తే పెద్ద పొట్టు అక్కడే ఆగుతుంది. మెష్ వారం వారం కడగాలి, లేకపోతే ఫ్యాన్ లాగదు. వాళ్ళ ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఎగ్జాస్ట్ కన్నా ఫిల్టర్ ఉన్న డస్ట్ కలెక్టరే మంచిది. మేస్త్రీ వచ్చే ముందు షెడ్డు కొలతలు, కిటికీ ఎటువైపు ఉందో ఇక్కడ పెట్టండి, ఫ్యాన్ సైజు లెక్కకట్టి చెబుతాను.

ఏటికొప్పాకఅల్లుడు
అంకుడు కావాలంటే చెప్పండి, మా మామయ్యని అడిగి ఎక్కడ కొనాలో కనుక్కుంటాను. మూర్తి గారూ, ఆ లెక్క మా అత్తవారింటి లేత్ గదికి కూడా కట్టి పెట్టగలరా? పది అడుగుల గది, ఒకటే కిటికీ. కొలతలు రేపు పంపిస్తాను.

మిషన్మూర్తి
పంపండి. కిటికీ, తలుపు ఎదురెదురుగా ఉన్నాయా, పక్కపక్కనా అనేది కూడా రాయండి. పొయ్యి ఏ మూల ఉందో తప్పకుండా చెప్పండి, ఫ్యాన్ ఆ పొగని లేత్ వైపు లాగకూడదు, నుసి పొయ్యి వైపు అసలే పోకూడదు, అది అంటుకుంటుంది.